రిటైరయ్యాక మెక్సికోలో కాపురం: చపాలా సరస్సు ఒడ్డున మొదటి ఏడాది కుదురుకోవడం ఎలా

మా ఇంటి డాబా మీద నల్లటి నీళ్ల ట్యాంకు ఉంది. వాకిట్లో నేల కింద సంపు ఉంది. పొద్దున్నే గ్యాస్ బండి పాట పెట్టుకుని వీధిలోకి వస్తుంది. అది వెళ్లగానే పాత పరుపులు, ఫ్రిజ్‌లు, తుప్పు ఇనుము కొంటామంటూ ఇంకో బండి రికార్డింగు వేసుకుని వస్తుంది. హ్యూస్టన్‌లో సగం జీవితం గడిపి ఇక్కడికొచ్చిన మొదటి వారం మా ఆవిడ అన్న మాట: "ఇది మన ఆకివీడే కదండీ, స్పానిష్‌లో ఉందంతే."

ఊరి పేరు అహిహిక్. హలీస్కో రాష్ట్రంలో, గ్వాదలహారా నగరానికి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, మెక్సికోలోకెల్లా పెద్దదైన చపాలా సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉంది. దాదాపు 1,500 మీటర్ల ఎత్తు కాబట్టి ఇక్కడ చాలా ఇళ్లలో ఏసీ ఉండదు, హీటరూ ఉండదు. అమెరికా, కెనడా నుంచి రిటైరైనవాళ్లు ఎన్నో దశాబ్దాలుగా వచ్చి ఉంటున్నారు. వాళ్ల కోసం నడిచే లేక్ చపాలా సొసైటీ 1955 నుంచీ ఉంది. తెలుగువాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అమెరికాలో ఉద్యోగం ముగించుకుని ఇటు చూస్తున్న దంపతుల్ని మనసులో పెట్టుకుని, ఏ వరుసలో చేస్తే ఇబ్బంది తక్కువో ఆ వరుసలోనే రాస్తున్నాను.

మొదటి అడుగు: మే నెలలో వచ్చి చూడండి

అందరూ జనవరిలో వచ్చి, ఆ ఎండా ఆ పూలూ చూసి మురిసిపోయి, ఫిబ్రవరికల్లా ఇల్లు వెతుకుతారు. పెళ్లిచూపుల రోజు కట్టిన చీర చూసి సంబంధం ఖాయం చేసుకోవడం లాంటిదే ఇది. మీరు ఏప్రిల్, మే నెలల్లో రండి. కొండలు ఎండిపోయి ఉంటాయి, దుమ్ము లేస్తుంది, ఏడాది మొత్తంలో వేడి అప్పుడే. జూన్‌లో వానలు మొదలై అక్టోబరు దాకా ఉంటాయి. ఎక్కువగా రాత్రిపూట ఉరుములతో కురిసి తెల్లారేసరికి తెరిపిస్తాయి. మే నెల భరించగలిగితే మిగతా ఏడాది హాయి.

వచ్చినప్పుడు గమనించాల్సినవి మీ మోకాళ్లు, మీ నిద్ర. ఊళ్లో వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి రోజూ పరీక్షే. హవాయి చెప్పులతో బయటికి అడుగు పెట్టకండి. ఇక చప్పుడు. కోళ్లు, కుక్కలు, చర్చి గంటలు, పండగరోజు తెల్లవారుజామునే పేలే తారాజువ్వలు. ఇవి ఆగవు, ఎవరికి ఫిర్యాదు చేసినా ఆగవు. చిన్నప్పుడు జాతర జరిగే ఊళ్లో పెరిగినవాళ్లకి వారంలో అలవాటైపోతుంది.

అమెరికా పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నా, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే పర్యాటకులుగా రానిస్తారు. గరిష్ఠంగా 180 రోజులు, కానీ ఎన్ని రోజులో రాసేది విమానాశ్రయంలోని అధికారి. ఆయన వేసిన అంకె అక్కడే చదువుకుని కదలండి.

గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకి ఒక మాట. అమెరికా బయట ఏడాది, ఆపైన ఉండిపోతే ఆ కార్డుకే ఎసరు. మెక్సికోలో స్థిరపడాలని ఉంటే ముందు సిటిజన్‌షిప్ సంగతి తేల్చుకోండి.

రెండో అడుగు: కాగితాలు, ముఖ్యంగా మన పేర్లు

నివాస వీసా కోసం మెక్సికో బయట ఉన్న మెక్సికన్ కాన్సులేట్‌లోనే దరఖాస్తు చేయాలి. పెన్షన్ లాంటి నెలవారీ రాబడి గానీ, బ్యాంకులో నిల్వ గానీ చూపించాలి. ఎంత అనేది ఏటా మారుతుంది, కాన్సులేట్‌ని బట్టీ మారుతుంది. అందుకే అంకె ఇక్కడ రాయడం లేదు. మీరు వెళ్లబోయే కాన్సులేట్ ఈ ఏడాది చెప్పే లెక్కే నమ్మండి. వీసా చేతికొచ్చాక 180 రోజుల్లోపు దేశంలోకి రావాలి. వచ్చిన 30 రోజుల్లోపు వలసల కార్యాలయానికి వెళ్లి దాన్ని కార్డుగా మార్చుకోవాలి. విమానాశ్రయంలో పొరపాటున మిమ్మల్ని పర్యాటకులుగా రాసేస్తే ఈ వరుసంతా చెడుతుంది కాబట్టి అధికారికి వీసా పేజీ తెరిచి చూపించండి. తాత్కాలిక నివాసం కార్డు మొదట ఏడాదికి ఇస్తారు, ఆ తర్వాత పొడిగిస్తారు. మొత్తం నాలుగేళ్లు అయ్యాక శాశ్వత నివాసం. రాబడి బాగా ఉన్న పెన్షనర్లకి నేరుగా శాశ్వతమే ఇచ్చే వీలుంది. ఇల్లు మారితే 90 రోజుల్లోపు ఆ కార్యాలయానికి చెప్పాలి. అమెరికా ప్లేట్ల కారు తెచ్చుకుందామనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: శాశ్వత నివాసి ఆ కారు ఇక్కడ నడపకూడదు.

మనవాళ్లకి అసలు తలనొప్పి పేరు దగ్గర వస్తుంది. ఇక్కడ ప్రతి మనిషికీ పేరు తర్వాత రెండు ఇంటిపేర్లు: మొదటిది నాన్నది, రెండోది అమ్మ పుట్టింటిది. ప్రతి ఫారంలోనూ రెండు గడులుంటాయి. మనదేమో ఇంటిపేరు ముందు, పేరు వెనక, మధ్యలో ఒక పొడి అక్షరం, అమెరికా వెళ్లాక తిరగేసిన వరుస. నా పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా పడి, సరిచేయించుకోవడానికి మూడు వారాలు తిరిగాను. పాస్‌పోర్టులో ఏ వరుసలో ఉందో అక్షరం పొల్లు పోకుండా అదే రాయండి. రెండో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయండి. గడి నింపాలని అమ్మ ఇంటిపేరు మీ అంతట మీరు కలిపారా, ఆ పేరు గల మనిషి వేరే పుట్టుకొస్తాడు.

రెండో తలనొప్పి పెళ్లి సర్టిఫికెట్. భార్యాభర్తల్లో ఒకరి రాబడి మీద ఇంకొకరికి వీసా కావాలంటే అది తప్పనిసరి. పెళ్లయి 40 ఏళ్లయినా రిజిస్ట్రేషన్ లేని దంపతులు మనలో బోలెడుమంది. ఇండియా వెళ్లినప్పుడే ఆ పని పూర్తి చేసుకుని, విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే 'అపోస్టిల్' ముద్ర వేయించుకు రండి. భారతదేశం 2005 నుంచి ఆ అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, మెక్సికో కూడా ఉంది. స్పానిష్ అనువాదం ఇక్కడ అధికారిక అనువాదకుల చేత చేయించాలి. ఇద్దరికీ ఎవరి రాబడి వాళ్లకి సరిపోతే విడివిడిగా దరఖాస్తు చేసుకోవచ్చు, సర్టిఫికెట్ గొడవే ఉండదు.

కార్డుతో పాటు 18 అక్షరాల 'కుర్ప్' నంబరు వస్తుంది. మన ఆధార్ లాగా ప్రతిచోటా అదే అడుగుతారు. కంఠతా పట్టేయండి.

మూడో అడుగు: మొదటి ఏడాది అద్దె ఇల్లే

కొనకండి. ఎంత నచ్చినా కొనకండి. ఏడాది అద్దెకి ఉంటేనే ఏ వీధిలో నీళ్లు సరిగా వస్తాయో, ఏ ఇంటి పక్కన పెళ్లిళ్ల హాలు ఉందో తెలుస్తుంది. విదేశీయులే ఉండే గేటెడ్ కాలనీలు పడమటి వైపు ఉన్నాయి. బాగుంటాయి, కానీ అక్కడ ఉంటే మెక్సికోలో ఉన్నట్టుండదు. మేం ఊరి మధ్య చౌకు లాంటి ప్లాజాకి నడిచి వెళ్లేంత దూరంలో తీసుకున్నాం. ఇప్పటికీ మా అతి మంచి నిర్ణయం అదే అంటాను.

తర్వాత కొనాలనిపిస్తే మూడు మాటలు. సముద్ర తీరానికి 50 కిలోమీటర్లు, సరిహద్దుకి 100 కిలోమీటర్ల లోపు విదేశీయులు ఇంటిని నేరుగా తమ పేర కొనలేరు, బ్యాంకు ట్రస్టు ద్వారానే కొనాలి. చపాలా ఆ హద్దుల్లో లేదు. 'ఎహీదో' భూమి, అంటే గ్రామస్థుల ఉమ్మడి భూమి, చవగ్గా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. ఇక్కడ 'నొతారియో' అంటే కోర్టు బయట స్టాంపు వేసే మన నోటరీ కాదు. రిజిస్ట్రేషన్ మొత్తం బాధ్యత వహించే పెద్ద లాయరు. ఆయన లేకుండా ఏ సంతకమూ పెట్టకండి.

నాలుగో అడుగు: ఇంటి నాడి తెలుసుకోండి

అమెరికన్లకి వింతగా, మనకి పుట్టింటిలా అనిపించే భాగం ఇది. డాబా మీది ట్యాంకు పేరు తినాకో, సంపు పేరు అల్హీబె. మున్సిపాలిటీ నీళ్లు సంపులో పడతాయి, మోటారు వేస్తే పైకి ఎక్కుతాయి. ఇంట్లో చేరిన రోజే మూతలు తీయించి చూసి, ఏడాదికోసారైనా కడిగించండి. తాగడానికి కుళాయి నీళ్లు వాడకండి. 20 లీటర్ల క్యాన్లు ఇంటికే తెస్తారు, దాన్ని 'గర్రఫోన్' అంటారు.

కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. తక్కువ వాడితే సబ్సిడీ ఉంటుంది, హద్దు దాటి వాడుతూ పోతే సబ్సిడీ తీసేసి ఖరీదైన రేటు వేస్తారు. ఆ బిల్లు పారేయకండి. బ్యాంకు అయినా ఫోన్ కనెక్షన్ అయినా అడ్రసు ప్రూఫ్‌కి అదే అడుగుతారు. కరెంటు 127 వోల్టులు, ప్లగ్గులు అమెరికావే. అమెరికాలో కొన్న మిక్సీ, గ్రైండరు తెచ్చుకోండి. ఇండియాది తెస్తే ట్రాన్స్‌ఫార్మరు మోయాల్సిందే.

తేళ్లు ఉన్నాయి. చెప్పులు దులిపి వేసుకోండి. ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఐదో అడుగు: ముందు పలకరింపు, తర్వాతే పని

స్పానిష్ నేర్చుకోకుండా అహిహిక్‌లో బతికేయొచ్చు. చాలామంది అలాగే పదేళ్లు గడిపేశారు కూడా. మీరు మాత్రం అలా చేయకండి, ఎందుకంటే మనకి ఈ భాష సులువు. తెలుగులాగే చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. వాళ్ల 'త', 'ద' అచ్చం మన త, ద లే. ఇంగ్లిషువాళ్లు 'ట', 'డ' అంటూ తంటాలు పడుతుంటే మనం మొదటి రోజే సరిగ్గా పలుకుతాం. బండి 'ర' మనకి కొత్త కాదు. చిన్నప్పుడు దిద్ది ఎక్కడా వాడని 'ఞ' ఇక్కడ రోజూ పనికొస్తుంది. 'జె' అక్షరాన్ని 'హ' అని చదవడం అలవాటైతే సగం పని అయినట్టే. అహిహిక్, హలీస్కో, గ్వాదలహారా, అన్నీ ఆ లెక్కే.

ఇంకో గొప్ప సంగతి: వీళ్లకి నువ్వు, మీరు ఉన్నాయి. 'తూ' అంటే నువ్వు, 'ఉస్తేద్' అంటే మీరు. ఇంగ్లిషులో ఆలోచించేవాళ్లు ఎక్కడ ఏది వాడాలో ఏళ్ల తరబడి తడబడతారు. మీరు తెలుగులో ఆలోచించండి, తప్పు పోదు. పెద్దవాళ్లు, కొత్తవాళ్లు, దుకాణదారు, ఇంట్లో పనిచేసే ఆవిడ, అందరికీ ఉస్తేద్. పిల్లలకి తూ. పెద్దవాళ్ల పేరుకి ముందు 'దోన్', 'దోన్యా' చేరిస్తే మన 'గారు' అయినట్టే.

కొట్టులోకి వెళ్లి నేరుగా "పాలు ఉన్నాయా" అనకూడదు. ముందు 'బ్వేనొస్ దీయాస్', మధ్యాహ్నం తర్వాత 'బ్వేనాస్ తార్దెస్', ఆ తర్వాతే బేరం. డాక్టరు దగ్గర వెయిటింగ్ హాల్లో అడుగు పెట్టినా కూర్చున్నవాళ్లందరికీ కలిపి ఒకసారి అనాలి. హోటల్లో ఎవరైనా తింటుంటే పక్కనుంచి వెళ్తూ 'ప్రొవేచొ' అంటారు. వినపడకపోతే 'కే?' అనకండి, మొరటుగా ఉంటుంది, 'మాందె?' అనండి. మా మొదటి ఆర్నెల్లలో మాకు దొరికిన మర్యాదంతా ఈ నాలుగు మాటలు సంపాదించిపెట్టినదే.

'అవొరీతా' అంటే నిఘంటువులో 'ఇప్పుడే'. ప్లంబరు నోట్లో అది మనవాళ్లు చెప్పే "దార్లో ఉన్నానండీ" లాంటిది. టెన్షన్ పడకండి, ఇంకో పని చూసుకోండి.

ఆరో అడుగు: సంత, వంటిల్లు

బుధవారం అహిహిక్‌లో సంత, సోమవారం చపాలా ఊళ్లో సంత. 'తియాంగిస్' అంటారు, ఆజ్టెక్‌ల నహువా భాష నుంచి వచ్చిన మాట. మొదటిసారి వెళ్లినప్పుడు కొనకుండా కలియతిరగండి. మన వంటింట్లో మనవే అనుకున్న వస్తువులకి పుట్టిల్లు ఇదేనని అప్పుడు తెలుస్తుంది. మిరప ఈ నేల పంటే. టమాటా, సపోటా పేర్లు నహువా మాటల నుంచి వచ్చినవే. బంతిపూలు ఇక్కడివే. చింతపండు మాత్రం ఎదురు దారిలో వచ్చింది. ఓడలెక్కి వచ్చి 'తమరిందో' పేరుతో ఇక్కడే స్థిరపడిపోయింది. పెంకు తీయని కాయలు రాశులు పోసి అమ్ముతారు, దాంతో చారు దివ్యంగా కుదురుతుంది.

కూరల్లో తెలిసిన ముఖాలు చాలా కనిపిస్తాయి. 'వెర్దొలాగాస్' అంటే మన గంగవావిలి కూర. 'చయోతె' అంటే సీమ వంకాయ. 'కింతొనీల్' అనే ఆకు తోటకూర జాతిది, పప్పులో వేస్తే తేడా తెలియదు. 'కమోతె' చిలగడదుంప. 'నొపాల్' అని ముళ్లు చెక్కి అమ్మేది నాగజెముడు మట్ట. మొదట్లో బంక బంకగా ఉందని మొహం తిప్పుకున్నాం, బెండకాయ వేపుడులా వేయించాక దారికొచ్చింది. కారానికి 'చిలె దె ఆర్బొల్' అనే సన్నటి ఎండుమిర్చి గుంటూరు మిర్చికి దగ్గర.

అసలు నిధి వేరే ఉంది. 'హమైకా పువ్వు' అని గోనెల్లో ఎర్రగా ఎండినది అమ్ముతారు, వీళ్లు దాంతో పుల్లటి తియ్యటి చల్లని పానీయం చేసుకుంటారు. అది ఇంకేదో కాదు, ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే రేకులు. మా ఆవిడ వాటిని వేణ్ణీళ్లలో నానబెట్టి, పిండి, నూనెలో మగ్గించి, ధనియాలు, వెల్లుల్లి, వేయించిన చిలె దె ఆర్బొల్ కలిపి నూరింది. ఆకు గోంగూర రుచి పూర్తిగా రాదు కానీ ఆ పులుపు ఉంది చూశారూ! గోంగూర కోసం మొహం వాచిన మనిషికి అది చాలు. వాటిని నానబెట్టిన నీళ్లు పారబోయకండి, పక్కింటి పెద్దావిడ చూస్తే ఊరుకోదు.

దొరకనివి కరివేపాకు, కందిపప్పు, మినప్పప్పు. నల్లగా కనిపించే చిక్కుడు గింజల్ని మినుములనుకుని ఇడ్లీ పోయకండి. (మేం పోశాం.) ఇంగువ, పోపు సామాను, పొడులు ప్యాకెట్లలో తెచ్చుకోండి, మొక్కలు, పచ్చి ఆకులు, నాటే విత్తనాలు మాత్రం విమానాశ్రయంలో లాగేసుకుంటారు. ఆకుకూరలు, పచ్చివి తినే కూరగాయలు క్రిమిసంహారక చుక్కలు వేసిన నీళ్లలో నానబెట్టి వాడటం ఇక్కడి ఇళ్లలో మామూలు. మీరూ అదే చేయండి.

శాకాహారులకి హెచ్చరిక. 'కార్నె' వద్దంటే గొడ్డు మాంసం, పంది మాంసం వద్దన్నారని అర్థం చేసుకుని కోడి పెట్టే అవకాశం ఉంది. అన్నం తరచూ కోడి రసంలో ఉడుకుతుంది. ముద్దగా వేయించిన చిక్కుళ్లలో పంది కొవ్వు ఉండొచ్చు. "నొ కోమొ కార్నె, ని పోయొ, ని పెస్కాదొ, ని కాల్దొ దె పోయొ, ని మంతేకా" అని మొత్తం వరస చెప్పండి: మాంసం, కోడి, చేప, కోడి రసం, పంది కొవ్వు ఏదీ తిననని. కార్తీక మాసంలో మన ఇళ్లలా, ఈస్టరు ముందు నలభై రోజుల్లో శుక్రవారాలు మాంసం ముట్టని ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి కాబట్టి "మా ఆచారం" అంటే వెంటనే అర్థం చేసుకుంటారు.

అసలు భోజనం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య. రాత్రికి తేలిక. తోర్తియాలు అనే పల్చటి రొట్టెలు రోజూ పొద్దున కిలో లెక్కన కొత్తవి దొరుకుతాయి. మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన పిండి వాటిది. వేడిగా ఉన్నప్పుడు నెయ్యి రాసి కారప్పొడి చల్లి తినండి. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఏడో అడుగు: ఆరోగ్యం

అమెరికాలో పెద్దవయసువాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇక్కడ పనిచేయదు. అమెరికా వదిలి వచ్చేసినా అందులో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బి ప్రీమియం కట్టుకుంటూ ఉండాలా అన్నది మీ ఇష్టం. తిరిగి వెళ్లే ఆలోచన ఏ మూలన్నా ఉంటే కట్టండి, తర్వాత చేరితే జరిమానా పడుతుంది. ప్రభుత్వ బీమా సంస్థ ఐఎంఎస్ఎస్‌లో నివాస కార్డు ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా చేరొచ్చు, వయసుని బట్టి ఏడాదికోసారి కట్టాలి. అయితే క్యాన్సరు, షుగరు ముదిరి వచ్చిన కాంప్లికేషన్లు ముందే ఉంటే చేర్చుకోరు. మరికొన్ని జబ్బులకి కొంతకాలం ఆగాలి. మేం దాన్ని వెనక దన్నుగా ఉంచుకుని, మామూలు అవసరాలకి చేతి డబ్బులతోనే చూపించుకుంటాం.

జలుబు, జ్వరాలకి మందుల షాపు పక్కనే చిన్న గదిలో డాక్టరు ఉంటారు, ఫీజు స్వల్పం. రక్తపరీక్షకి చీటీ లేకుండా మీరే ల్యాబుకి వెళ్లొచ్చు, రిపోర్టు మీ చేతికే ఇస్తారు. యాంటీబయాటిక్స్‌కి మాత్రం 2010 నుంచి డాక్టరు చీటీ తప్పనిసరి. అమెరికా జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే తేవద్దు, ఇక్కడ నిషేధం. ఎమర్జెన్సీ నంబరు 911. పెద్ద ఆపరేషన్లకి గ్వాదలహారా వెళ్లాలి. ఆ దారి ఒకసారి ఆరోగ్యంగా ఉన్నప్పుడే వెళ్లి చూసుకోండి.

పిల్లలు వినడానికి ఇష్టపడని సంగతి కూడా రాసి పెట్టుకోండి. ఇక్కడ అంత్యక్రియలు ఒకటి రెండు రోజుల్లో జరిగిపోతాయి, దహనానికి వీలుంది. ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో స్పానిష్‌లో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం.

ఎనిమిదో అడుగు: పనివాళ్ల లెక్క

ఇంట్లో పనిచేసేవాళ్లకి డిసెంబరు 20లోపు కనీసం 15 రోజుల జీతం బోనస్ ఇవ్వాలి. 'అగినాల్దొ' అంటారు. ఇది దయ కాదు, చట్టం. వాళ్లని ఐఎంఎస్ఎస్‌లో నమోదు చేయించాల్సిన బాధ్యత కూడా యజమానిదే. ఏడాది నిండితే 12 రోజుల జీతంతో కూడిన సెలవు. సూపర్‌మార్కెట్‌లో సంచీ సర్దేవాళ్లకి చిల్లర ఇవ్వండి, చాలామందికి అదే రాబడి.

తొమ్మిదో అడుగు: పండగల్లో చేరిపోండి

సెలవులకి అమెరికా వెళ్లిపోయేవాళ్లు ఊరిని ఎప్పటికీ ఎరగరు. సెప్టెంబరు 15 రాత్రి ప్లాజాలో స్వాతంత్ర్య నినాదాలు. ఆ రోజుల్లోనే పెద్ద పెద్ద కాగితపు బుడగల్ని నిప్పుతో ఎగరేసే పోటీ. నవంబరు చివర తొమ్మిది రోజులు ఊరిని కాచే పునీతుడు సాన్ అంద్రేస్ జాతర, 30న ముగింపు. ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యేలోపు జరిగే కార్నివాల్‌లో ఆడవేషాలు కట్టిన మగవాళ్లు దొరికినవాళ్ల మొహాన పిండి చల్లుతారు. పాత బట్టలు వేసుకుని వెళ్లండి.

పక్కింటి అమ్మాయికి పదిహేనేళ్లు నిండితే 'కిన్సెయాన్యేరా' వేడుకకి పిలుస్తారు. మన ఓణీల ఫంక్షన్‌ని చర్చితో, వాల్ట్జ్ డాన్సుతో కలిపి ఊహించుకోండి. కవర్లో డబ్బులు పెట్టి ఇవ్వొచ్చు. పిలిచిన వేళకి గంట ఆలస్యంగా వెళ్లినా అక్కడ ముందు మీరే ఉంటారు.

నవంబరు 1, 2 తేదీలు చనిపోయినవాళ్ల రోజులు. ఇంట్లో మెట్లలా బల్లలు పేర్చి, బంతిపూలు పరిచి, పోయినవాళ్ల ఫొటోలు పెట్టి, వాళ్లకి ఇష్టమైనవి వండి పెడతారు. తద్దినం పెట్టినవాళ్లకి ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. మా అమ్మానాన్నల ఫొటో ముందు పులిహోర, ఫిల్టర్ కాఫీ పెట్టాం. వీధిలో అందరూ వచ్చి చూశారు. కాఫీ ఎవరికి ఇష్టమని పక్కింటి పెద్దావిడ అడిగింది. అది మా నాన్నకని చెప్పడానికి నా స్పానిష్ సరిపోయింది. ఆ రాత్రి ఎనిమిదింటికి, అంటే ఇండియాలో మర్నాడు పొద్దున ఏడున్నరకి, తమ్ముడికి వీడియో కాల్ చేసి ఆ బల్ల చూపించాను. మెక్సికో 2022లో చాలా ప్రాంతాల్లో గడియారం మార్చడం మానేసింది కాబట్టి హలీస్కోలో ఏడాది పొడవునా పదకొండున్నర గంటల తేడానే, లెక్క తప్పదు.

జనవరి 6న గుండ్రటి తీపి రొట్టె కోస్తారు, లోపల బాల ఏసు బొమ్మలు చిన్నవి దాచి ఉంటాయి. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ (మొక్కజొన్న పిండి ముద్దని పొత్తిలో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి) తినిపించాలి. ఈసారి మా ఆవిడ ముక్కలో వచ్చింది. వీధిలో పద్నాలుగు ఇళ్లు. తమాలెస్ చేసే ఆవిడకి వారం ముందే చెప్పి పెట్టుకోవాలి, ఆ రోజు ఊరంతా ఆవిడ దగ్గరే ఉంటుంది. పంది కొవ్వు లేకుండా కొన్ని విడిగా చేయమని అప్పుడే చెప్పండి.